వేలు ఆగిన చోటు

ఆ రోజు నా వేలు ఆగిందా, లేదా?

తొమ్మిదేళ్ళుగా ఈ ఒక్క ప్రశ్న నన్ను వదలడం లేదు. పొద్దున్నే దేవుడి ముందు కూర్చుంటే ముందుగా ఇదే వచ్చి కూర్చునేది. ఆగిందని తేలితే తప్పు ఒప్పుకుని లెంపలు వేసుకునేవాణ్ణి. ఆగలేదని తేలితే మనసు తేలికపడేది. ఏదీ తేలలేదు. ఆయన చెప్పలేదో, చెప్పినా నాకు వినపడలేదో తెలియదు.

నా పని టెన్నిస్ రాకెట్లకు గట్టింగ్ చెయ్యడం. తెగినవీ వదులైనవీ తీగలు కోసేసి కొత్తవి బిగించడం. క్లబ్బులో పెద్ద కోర్టు పక్కన జనం కూర్చునే చెక్క మెట్లున్నాయి. ఆ మెట్ల కిందే నా గది. ఉన్న ఒక్క కిటికీ కూడా కోర్టు వైపు కాదు, సైకిళ్ళ షెడ్డు వైపు. అందుకని ఇన్నేళ్ళలో ఒక్క మ్యాచ్ కూడా నేను కళ్ళారా చూసింది లేదు. ఆట నాకు చెవులతోనే తెలుసు. బంతి తీగల మధ్యలో పడితే ఒక చప్పుడు, వారగా పడితే ఇంకో చప్పుడు. నెత్తిమీద చెక్కల మీద జనం కాళ్ళు కదిలే తీరు విని ఎవరు నెగ్గుతున్నారో చెప్పగలను.

రాకెట్ చట్రం చుట్టూ తీగ దూరడానికి కన్నాలుంటాయి. ప్రతి కన్నంలోనూ చిన్న ప్లాస్టిక్ గొట్టం ఉంటుంది. దాని అంచు పగిలిందంటే బ్లేడులా పదునెక్కి తీగను లోపల్లోపలే కొరికేస్తుంది. పైకి కనపడదు. అందుకే పాత తీగలు తీసేశాక చిటికెన వేలి కొనతో ఒక్కో కన్నాన్నీ తడిమి చూడాలి. నాకు పని నేర్పినాయన పెట్టిన నియమం ఇది. ఆయనదే ఇంకో నియమం కూడా ఉంది. మనం కట్టిన తీగ ఒక రోజు తిరక్కుండా తెగితే తప్పు మనది, మళ్ళీ ఊరికే కట్టివ్వాలి. గోడ మీద రాసి పెట్టలేదు గాని ఆడేవాళ్ళందరికీ ఈ మాట తెలుసు.

ఆ ఎండాకాలం మా అమ్మడికి పద్దెనిమిది నడుస్తోంది. మాకు ఒక్కతే పిల్ల. నా గదిలో తీగల చుట్టల మీద నిద్రపోతూ పెరిగింది. ఎనిమిదో ఏట నుంచి ఆడుతోంది. ఆ ఏడు టెన్నిస్ సంఘం వాళ్ళు ఒక మాట చెప్పారు. పద్దెనిమిది లోపు ఆడపిల్లల పోటీలో నెగ్గిన ఒక్క పిల్లను రెండేళ్ళ పాటు తామే భరించి ప్రొఫెషనల్ టోర్నమెంట్లకు తిప్పుతామన్నారు. ఒక్క షరతు: ఆ రెండేళ్ళూ చదువూ గిదువూ పెట్టుకోకూడదు. రెండో స్థానానికి కప్పు ఇస్తారు, అంతే.

సరిగ్గా ఆ వారంలోనే అమ్మడికి ఫార్మసీ కాలేజీలో సీటు వచ్చినట్టు ఉత్తరం వచ్చింది.

మా ఆవిడ ఒక బడి ఆఫీసులో గుమాస్తా. ఒక్క రోజు ఆలస్యంగా వచ్చి కిటికీ అవతల ఏడ్చే పిల్లల్ని ఏటేటా చూసి చూసి ఆవిడకు గడువు తేదీలంటే దేవుడంత భయం. ఉత్తరం రెండుసార్లు చదివి కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టింది. చేరుతున్నామని సంతకం పెట్టి పంపిస్తే, కారణం చూపించి రెండేళ్ళ వరకూ సీటు ఆపుకోవచ్చట. దరఖాస్తు నా పేరు మీద పెట్టాం గనక నా సంతకమే కావాలట. శనివారం ఒంటిగంటకు వాళ్ళ ఆఫీసు మూసేస్తారు. ఫైనలు శనివారం పదిగంటలకు.

కోచ్ సాయంత్రం మా ఇంటికి వచ్చాడు. వంటింటి బల్ల దగ్గర కూర్చుని, ఇచ్చిన టీ తాగకుండా చల్లార్చేశాడు. సీటు ఆపుకునే మాట వినగానే తల అడ్డంగా ఊపాడు. సంఘం వాళ్ళకు తెలిస్తే ఊరుకోరన్నాడు. వాళ్ళ సంగతి అలా ఉంచినా పిల్ల మనసు రెండు చోట్ల ఉండకూడదన్నాడు.

"ఒక కాలు ఇక్కడా ఒక కాలు అక్కడా పెట్టి పరిగెత్తలేరమ్మా," అన్నాడు.

"పరిగెత్తి పరిగెత్తి వచ్చాక కూర్చోడానికి ఒక కుర్చీ ఉండాలి కదండీ," అంది మా ఆవిడ.

అమ్మడు గోడకు చేరగిలబడి తింటోంది. తింటోందంటే చెయ్యి కంచంలో ఉంది, కళ్ళు మూతలు పడుతున్నాయి. ఆ వారంలో అప్పటికి నాలుగు మ్యాచ్‌లు ఆడింది. కాలి వేళ్ళకు పట్టీలు. నేను రోజుకు ముప్ఫై రాకెట్లు కడుతున్నాను. నా వేళ్ళకూ పట్టీలే. ఇంట్లో ఎవరం ఎవరితో మాట్లాడినా ఆవలింతతోనే మొదలయ్యేది.

"నీ సంగతి చెప్పవే, నీకేం కావాలి?" అని వాళ్ళమ్మ అడిగింది.

"నెగ్గాలి."

"నెగ్గాక?"

"నిద్రపోవాలి."

కోచ్ నవ్వాడు. మా ఆవిడ నవ్వలేదు. ఓడితే ఏం చేస్తావని మళ్ళీ అడిగింది.

"ఓడితే నాన్న సంతకం నేనే పెట్టేస్తాలే. చిన్నప్పటి నుంచీ మార్కుల కార్డు మీద పెడుతున్నదేగా," అంది అమ్మడు కళ్ళు తెరవకుండా.

ఆ సంగతి నాకు అప్పుడే తెలిసింది.

మర్నాడు పొద్దున్న నేనూ మా ఆవిడా దేవుడి అర ముందు ఎప్పటిలా పక్కపక్కన నిలబడ్డాం. ఆవిడ ఏం అడుగుతోందో నాకు తెలుసు. నాకు తెలుసని ఆవిడకూ తెలుసు. పిల్ల నెగ్గాలని నేను అడిగితే ఒకే ఇంటి నుంచి ఒకే దీపం ముందు రెండు ఎదురెదురు దరఖాస్తులు పెట్టినట్టవుతుంది. ఓడాలని అడగడానికి నోరు రాలేదు. చివరకు 'నీ ఇష్టం' అని దణ్ణం పెట్టి వచ్చేశాను. అందరూ దాన్ని భక్తి అంటారు. క్లబ్బుకు నడుస్తూ నాకే ఒక అనుమానం వచ్చింది. అంతా ఆయన మీద పెట్టడం భక్తేనా, లేక మన పని ఆయన చేత చేయించుకునే బద్ధకమా?

ఫైనల్లో అమ్మడితో ఆడేది ఒక ఎడమచేతి వాటం పిల్ల. క్లబ్బులో అందరూ పుర్రచేతి పిల్ల అనేవారు. సన్నగా పొడుగ్గా ఉండేది. దానికి ఉన్నవి రెండే రాకెట్లు. ఒకటి ఎవరో వాడి ఇచ్చింది, బాగుండేది. ఇంకోటి చట్రం రంగు కూడా పోయిన పాతది. రెండూ నేనే కట్టేవాణ్ణి. తీగ ఎంత బిగువుండాలో పౌన్లలో చెబుతారు. అమ్మడిది యాభై రెండు. పుర్రచేతి పిల్లది నలభై ఎనిమిది. మోచెయ్యి నొప్పని కాస్త వదులుగా కట్టించుకునేది.

ఆ పిల్ల వెంట వాళ్ళమ్మమ్మ వచ్చేది. పిల్ల ఆడినంతసేపూ ఆవిడ నా గది గుమ్మంలో, తిరగేసిన చెక్కపెట్టె మీద కూర్చుని ఊలు అల్లుతూ ఉండేది. తలుపు దగ్గర నీడ ఉంటుందని. మెట్లెక్కి చూడచ్చు కదా అంటే, పైన కూర్చుంటే గుండె నోట్లోకి వస్తుంది నాయనా అనేది.

"ఈ ఎండల్లో ఊలేమిటమ్మా?" అని ఒకసారి అడిగాను.

"చలి మొదలయ్యాక మొదలెడితే చలి అయిపోయాకే పూర్తవుతుంది."

ఆ పిల్లకు కూడా ఏదో కాలేజీలో సీటు వచ్చిందట, కెమిస్ట్రీలో. ఇద్దరమూ ఒకే పడవలో ఉన్నామని ఆవిడ మాటల్లో తెలిసింది. సెమీఫైనల్ నాడు ఉన్నట్టుండి అల్లిక ఒళ్ళో పెట్టుకుని అడిగింది.

"నెగ్గితే మీ అమ్మాయిని పంపిస్తావా నాయనా?"

"అంతా ఆయన దయ అమ్మా."

"ఆయన దయ సరే. నీ మాటేమిటి?"

నేను మిషన్‌లో తీగ సరిచేస్తున్నట్టు తల దించుకున్నాను. ఆవిడ మళ్ళీ అల్లిక తీసుకుంది.

శనివారం పొద్దున్న అమ్మడి రాకెట్లు మూడూ సిద్ధంగా గోడకు వేలాడుతున్నాయి. ముందు రోజు సాయంత్రమే కట్టేశాను. పుర్రచేతి పిల్ల మాత్రం మంచి రాకెట్ ఎనిమిదిన్నరకు తెచ్చింది. సెమీఫైనల్‌లో తీగలు బాగా నలిగాయి బాబాయ్, తొందరగా కట్టివ్వు అని బతిమాలింది. ఎదుటివాళ్ళ రాకెట్ అని నాకు ఏనాడూ తేడా లేదు. ఆ రోజు కూడా లేదనే అనుకున్నాను. తీగలు కోసి, చట్రం ఒళ్ళో పెట్టుకుని, కన్నాలు తడమడం మొదలెట్టాను.

అప్పుడు గుమ్మం దగ్గర చెప్పుల చప్పుడైంది. మా ఆవిడ. ఒక పూట సెలవు పెట్టి వచ్చింది. చేతిలో కాలేజీ కాగితం, పెన్ను మూత కూడా తీసి ఉంది.

"ఇక్కడ ఒక్క గీత గీయండి. బస్సెక్కి ఇచ్చేసి, రెండో సెట్టుకల్లా వచ్చేస్తా."

మ్యాచ్ అవ్వనీ అన్నాను. మ్యాచ్ అయ్యేసరికి వాళ్ళు ఆఫీసు మూసేస్తారంది. అయినా సంతకం పెడితే పోయేదేముందని అడిగింది. నిజమే, పోయేదేమీ లేదు. నెగ్గితే పంపమని ఆ కాగితం మీద రాసి లేదు, ఓడమని కూడా రాసి లేదు. కాని నా చెయ్యి లేవలేదు. లోపల ఏదో అడ్డుపడింది. అదే చెప్పాను.

"ఇప్పుడు దీని మీద సంతకం పెడితే అది ఓడాలని నేను కోరుకున్నట్టవుతుంది."

"కాగితానికి అంత శక్తే ఉంటే నేను ఎప్పుడో బాగుపడేదాన్ని," అంది. గొంతులో కోపం కూడా లేదు, అలసట తప్ప. కాగితం మడిచి నా తీగల సొరుగులో పెట్టి, పెన్నుకు మూత పెట్టుకుంటూ మెట్లవైపు వెళ్ళిపోయింది.

నేను తల దించి చూస్తే వేలు చట్రం మీదే ఉంది. ఎన్నో కన్నం దగ్గర ఉన్నానో మాత్రం తెలియలేదు. మళ్ళీ మొదటి నుంచి తడిమితే రెండు నిమిషాలు. గడియారం చూశాను. తొమ్మిదీ అయిదు. కట్టడానికి నలభై నిమిషాలు పడుతుంది. మొదటి తీగ దూర్చాను.

జరిగింది ఇంతే. చెప్పుల చప్పుడుకు ముందు వేలికి ఏదో గరుకుగా తగిలిందనీ, ఒక్క క్షణం అక్కడ ఆగాననీ నాకు ఒక జ్ఞాపకం ఉంది. అది ఆ రోజు జ్ఞాపకమేనా, తర్వాత తలచుకుని తలచుకుని నేనే అతికించుకున్నదా, అది తెలియదు.

మ్యాచ్ మూడో సెట్టుకు వెళ్ళింది. పైన కాళ్ళ చప్పుడు బట్టి అమ్మడు వెనకబడిందని తెలుస్తోంది. గుమ్మంలో అమ్మమ్మ అల్లడం ఎప్పుడో ఆపేసింది. అంపైర్ మైకులో చెబుతున్నాడు, పుర్రచేతి పిల్ల అయిదు, అమ్మడు నాలుగు. తర్వాత, మ్యాచ్ పాయింట్ అన్నాడు. చెక్కల మీద ఒక్క పాదం కూడా కదల్లేదు. సర్వీసు చప్పుడు. బంతి ఇటు, అటు, ఇటు. నలభై ఎనిమిది పౌన్ల తీగ ఎలా పలుకుతుందో నాకు తెలుసు. అది పలికింది, మళ్ళీ పలికింది, మూడోసారి పలకలేదు. ఎండిన కొమ్మ విరిగినట్టు ఒక చప్పుడు.

పైన వాళ్ళందరికంటే ముందు నాకే తెలిసింది, తీగ తెగిందని.

ఆ తర్వాత నేను వినలేదు. గది వెనక కొళాయి దగ్గరకు వెళ్ళి నీళ్ళు వదిలి తల కింద పెట్టాను. ఎంతసేపు పెట్టానో తెలియదు. తల తుడుచుకుంటూ తిరిగి వచ్చేసరికి మెట్లు కూలిపోతాయేమో అన్నట్టు కాళ్ళు మోగుతున్నాయి. అమ్మడు నెగ్గింది. ఏడు, అయిదు.

అమ్మమ్మే రాకెట్ తెచ్చింది. పిల్ల షెడ్డు దగ్గర మొహానికి తువ్వాలు కప్పుకుని నిలబడి ఉంది. మీ అమ్మాయి బాగా ఆడింది నాయనా అని ముందు ఆ మాట చెప్పాకే రాకెట్ బల్ల మీద పెట్టింది.

"మీ దగ్గరో నియమం ఉందటగా. రోజు తిరక్కుండా తెగితే ఊరికే కడతారట."

"అవునమ్మా. రేపు రండి, కట్టి ఉంచుతా."

పిడికి కట్టే చీటీ మీద రాశాను: పుర్రచేతి పిల్ల, 48, రేపు. ఆవిడ ఊలు ఉండ సంచిలో వేసుకుని, మనవరాలి భుజం మీద చెయ్యి వేసి నడిపించుకుపోయింది. వాళ్ళు షెడ్డు దాటాక మిగిలిన తీగలు కోశాను. పై నుంచి పదకొండో కన్నం దగ్గర గొట్టం అంచు పగిలి ఉంది. వేలు పెట్టగానే గీరుకుంది.

ఆ పగులు పొద్దున్నే ఉందో, ఆటలో ఏ నేలకో తగిలి అప్పుడే వచ్చిందో చెప్పేవాళ్ళు ఎవరూ లేరు.

అమ్మడు కప్పు కోచ్ చేతిలో పెట్టి గదిలోకి వచ్చి తీగల చుట్టల మీద వాలిపోయింది.

"తీగ తెగింది చూడు నాన్నా, ఆ పాయింటు. నేనక్కడే ఆగిపోయా. అయిపోయిందనుకున్నా. బంతి ఎటు పోతోందో కూడా చూళ్ళేదు." అటు తిరిగి పడుకుంటూ అడిగింది. "నువ్వే కట్టావా దానికి?"

"నేనే."

"అది కొట్టే కొట్టుడికి తెగక ఏం చేస్తుందిలే," అంటూనే నిద్రలోకి జారిపోయింది.

మా ఆవిడ వచ్చేసరికి రెండు కావస్తోంది. నిద్రపోతున్న పిల్లని చూసింది. నన్ను చూడలేదు. సొరుగు లాగి, కాగితం తీసి, నాలుగు మడతలు వేసి సంచిలో పెట్టుకుంది. వారం తిరిగాక అమ్మడికి పెట్టవలసిన సామాన్ల జాబితా రాయడానికి కాగితం వెతికి, దాని వెనకే రాసింది. నొప్పి మాత్రలు, సూదీ దారం, మేజోళ్ళు ఎనిమిది జతలు.

పుర్రచేతి పిల్ల మర్నాడు రాలేదు. ఆ వారం రాలేదు. ఇంకెప్పుడూ క్లబ్బుకు రాలేదు. ఎక్కడుంటారో కనుక్కుని వెళ్ళవచ్చు. వెళ్తే తీగతో పాటు పదకొండో కన్నం సంగతి కూడా చెప్పాలి. అందుకని తీగ కట్టకుండానే రాకెట్ మేకుకు వేలాడదీసి, వాళ్ళే వస్తారులే అనుకున్నాను. అలా అనుకోవడం కూడా ఆయన మీద భారం వెయ్యడమే కాబోలు.

అమ్మడు తొమ్మిదేళ్ళు ఆడింది. బాగా ఆడింది. ప్రపంచంలో నూట నలభయ్యో స్థానం దాకా వెళ్ళింది. పేరున్న పెద్ద టోర్నమెంట్లలో రెండుసార్లు చోటు సంపాదించుకుంది. ఒకసారి మొదటి రౌండు కూడా నెగ్గింది. పేపర్లో ఫొటో పడింది, మా ఆవిడ ఆఫీసు గోడకు అంటించారు. నెగ్గుకొచ్చింది అంటారే, అదే. కాదనను. కాని ఫోను చేసినప్పుడు ముందు నాకు వినపడేది ఆ గొంతులో అలసటే. ఇవాళ ఏ ఊళ్ళో ఉన్నానో గోడ మీద బోర్డు చదివి చెప్పాలి నాన్నా అనేది. వాళ్ళమ్మకు ఇస్తే భోజనం మాటలు, నాకు ఇస్తే గట్టింగ్ మాటలు. "ఇక్కడ కట్టేవాళ్ళు కన్నాలు తడమరు నాన్నా. నీలా ఎవరూ చూడరు," అని ఒకసారి అంది. ఫోను వాళ్ళమ్మ చేతికి ఇచ్చేశాను.

ఈ ఏడు మోకాలికి రెండో ఆపరేషన్ అయింది. ఇక చాలని తనే చెప్పి ఇంటికి వచ్చేసింది. నెల తిరక్కుండా సాయంకాలం కాలేజీకి దరఖాస్తు పెట్టింది. చేరే రోజు పద్దెనిమిదేళ్ళ పిల్లల వరసలో నిలబడిందట. వెనక పిల్ల, మేడమ్, స్టాఫ్ వరస అటువైపు అందట. ఇంటికొచ్చి ఆ మాట చెప్పి నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకుంది. మా ఆవిడ దరఖాస్తు కాపీని కళ్ళద్దాలు పెట్టుకుని మొదటి నుంచి చివరిదాకా చదివింది. తండ్రి సంతకం అన్న చోటు అందులో లేదు.

పగలు ఖాళీ గనక అమ్మడు నా గదికి వచ్చి కూర్చుంటోంది. కిందటి నెలలో ఒకరోజు మేకుల మీద దుమ్ము దులుపుతూ ఆ రాకెట్ తీసింది. చీటీ చదివింది. అక్షరాలు వెలిసిపోయినా కనపడుతూనే ఉన్నాయి.

"ఇది ఇంకా ఇక్కడే ఉందేంటి నాన్నా?"

నేను జవాబు చెప్పేలోగా అది కుర్చీలో కూర్చుని రాకెట్ ఒళ్ళో పెట్టుకుంది. చిన్నప్పటి అలవాటు. చిటికెన వేలితో పై నుంచి తడుముకుంటూ వచ్చింది. పదకొండో కన్నం దగ్గర ఆగింది.

"ఇక్కడ పగిలింది."

"తెలుసు."

నా మొహం చూసింది. నీకు అప్పుడే తెలుసా అని అడిగింది.

"అదే తెలియదమ్మా."

బయట షెడ్డులో ఎవరో సైకిలు స్టాండు తీశారు. అమ్మడు రాకెట్‌ను అటూ ఇటూ తిప్పింది. కోప్పడుతుందని ఎదురుచూశాను. ఏడుస్తుందేమో అనుకున్నాను. అది కాలు కొంచెం చాపుకుంది, మోకాలు నొప్పి పెట్టినప్పుడు చాపుకునేటట్టు.

"ఒక్క తీగ తెగినంత మాత్రాన ఎవరూ తొమ్మిదేళ్ళు ఆడలేరు నాన్నా," అంది చివరకు. ఆ తర్వాత, "కాని ఇది కట్టివ్వాలి," అంది.

పాత గొట్టాల పట్టీ తీసేసి కొత్తది తనే బిగించింది. తీగ మాత్రం ముట్టుకోలేదు, అది నువ్వే కట్టాలంది. కట్టేముందు కన్నాలు రెండుసార్లు తడిమాను. ఆ పిల్ల ఎక్కడుందో ఆడేవాళ్ళను అడిగి తనే కనుక్కుంది. నీళ్ళు పరీక్ష చేసే ల్యాబులో పని చేస్తోందట. నువ్వూ రా అంటే తల అడ్డంగా ఊపింది. నేను వస్తే అది ఇంకో మ్యాచ్ అవుతుంది, నువ్వు వెళ్ళిరా అంది.

ఆ పొద్దున్న దేవుడి అర ముందు నేను నీ ఇష్టం అనలేదు. వెళ్ళొస్తాను అని మాత్రం చెప్పాను.

రెండు బస్సులు మారి వెళ్ళాను. పొడుగాటి గది, గోడవారగా వందల సీసాలు, ఒక్కోదానికీ ఒక్కో చీటీ. తెల్లకోటు వేసుకున్నావిడ ఎడమచేత్తో చీటీల మీద తేదీలు రాస్తోంది. నన్ను గుర్తుపట్టలేదు. నా చేతిలో రాకెట్‌ను గుర్తుపట్టింది.

"గట్టింగ్ బాబాయ్," అంది మెల్లగా, పెన్ను పెట్టేసి.

ఉన్నది ఉన్నట్టు చెప్పాను. కన్నం, చెప్పుల చప్పుడు, తొమ్మిదీ అయిదు, మళ్ళీ తడమకపోవడం, మ్యాచ్ అయ్యాక కనపడ్డ పగులు. చెప్పడానికి రెండు నిమిషాలు పట్టింది. ఆ రెండు నిమిషాల కోసమే తొమ్మిదేళ్ళు పట్టింది.

"ఆ తర్వాత నాకు ఇంకో మ్యాచ్ పాయింట్ వచ్చింది, తెలుసా?" అంది. "పాత రాకెట్‌తో. అయిదు చేతుల దూరంలో ఖాళీ కోర్టు. నెట్లోకి కొట్టాను. నాకు కల్లోకి వచ్చేది అదే బాబాయ్. తెగింది కాదు."

నాకు తెలియదన్నాను. అప్పుడు నా తల కొళాయి కింద ఉంది. నా తొమ్మిదేళ్ళలో ఆ పాయింటే లేదు.

"మీదేం తప్పు లేదని చెప్పడానికి చెప్పట్లేదు. మళ్ళీ తడిమి ఉండాల్సింది," అంది.

"ఉండాల్సింది."

అమ్మమ్మ ఎలా ఉన్నారని అడిగాను. పోయి మూడేళ్ళయిందట. మర్నాడు రాకెట్ కోసం వద్దామంటే అమ్మమ్మే రానివ్వలేదట. చేతిలో అది ఉంటే కాలేజీలో కూర్చోవు, ఆ గట్టింగ్ ఆయన దగ్గరే ఉండనీ, భద్రంగా ఉంటుంది అందట. చదువైపోయాక వెళ్దువుగానిలే అందట.

"చదువైపోయింది, ఉద్యోగం వచ్చింది. ఏ మొహం పెట్టుకుని రానూ అని రాలేదు. మీరు పారేసి ఉంటారనుకున్నా."

నేను రాకెట్ అందించాను. చీటీ తిప్పి చదువుకుంది. 'రేపు' అన్న మాట దగ్గర పెదవి కొరుక్కుంది, నవ్వాపుకుంటోందో ఇంకేదో చూడకుండా నేను సీసాల వైపు తిరిగాను. మీ అమ్మాయి ఎలా ఉందని అడిగితే చెప్పాను, సాయంకాలం కాలేజీలో చేరిందని, మొదటి ఏడాది కెమిస్ట్రీ కొరుకుడు పడటం లేదంటోందని. ఆదివారాలు నాకు ఖాళీయే, రమ్మనండి అంది. వచ్చేటప్పుడు రాకెట్ కూడా తెచ్చుకోమనండి అని కలిపింది.

తర్వాత ఎడమ అరచేతి అంచుతో తీగల మధ్య ఒక్క దెబ్బ కొట్టి, చెవి దగ్గర పెట్టుకుని విన్నది.

"నలభై ఎనిమిదేనా?"

"నలభై ఎనిమిదే."

రాకెట్ అప్పగించాక చీటీ తెంచుకుని తెచ్చుకోవడం మా పనిలో ఆనవాయితీ. పిడి దగ్గర దారం తెంచి, చీటీ జేబులో వేసుకుని, బస్సు కోసం బయటికి నడిచాను.